ప్రమాదం అనే మాట, విశాఖలో దాని చరిత్ర

సంస్కృతంలో 'ప్రమాదం' అంటే అపాయం కాదు. అమరకోశం ఈ మాటకు అనవధానత అని అర్థం చెబుతుంది. అంటే ఏమరుపాటు, చేయవలసిన పని మీద మనసు పెట్టకపోవడం. 'మద్' ధాతువు నుంచి పుట్టిన మాట కనుక మైకం, ఒళ్ళు తెలియకపోవడం అనే ఛాయ కూడా అందులో ఉంది. ఆ లెక్కన ప్రమాదం ఎవరో ఒకరు చేసేది. తెలుగులో స్థిరపడ్డాక అది తనంతట తాను జరిగేదిగా మారిపోయింది. 'ప్రమాదవశాత్తు' అన్న మాటనే చూడండి. వ్యుత్పత్తి ప్రకారం 'అజాగ్రత్త వల్ల' అని దాని అర్థం. పత్రికల్లోనూ పోలీసు కాగితాల్లోనూ మాత్రం 'ఎవరి తప్పూ లేకుండా' అనే అర్థంలో చెల్లుబాటవుతున్నది.

తరగతిలో అర్థవిపరిణామం పాఠం చెప్పేటప్పుడు కంపు, చీర, నూనె అనే మాటలతో పాటు దీన్ని కూడా ఉదాహరణగా చెప్పేవాణ్ణి. ఒకప్పుడు ఏ వాసనకైనా కంపు అనేవారు, ఏ వస్త్రానికైనా చీర అనేవారు. ఆ అర్థాలు మారినందువల్ల ఎవరికీ నష్టం కలగలేదు. ప్రమాదం సంగతి వేరు. విశాఖపట్నంలో రేవు కట్టిన నాటి నుంచి పనిచోట ప్రాణం పోగొట్టుకున్నవారి కుటుంబాలకు ఏం దక్కిందన్నది ఈ రెండు అర్థాలలో ఏది నెగ్గిందన్న దానిమీదే ఆధారపడి ఉంది. నేను న్యాయవాదిని కాను. తెలుగు పండితుణ్ణి. కానీ పారిశ్రామిక ప్రాంతంలో బడిపంతులుగా పనిచేసినవాడికి అర్జీలు రాయడం తప్పదు. అర్జీలు రాసేవాడికి చట్టాలు కొంతైనా చదవకా తప్పదు. అలా చదివినదీ చూసినదీ ఇక్కడ రాస్తున్నాను.

మన రేవులోకి మొదటి ఓడ 'జలదుర్గ' వచ్చినది 1933 అక్టోబరు 7న. అదే ఏడాది డిసెంబరు 19న నాటి వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని విదేశాలకు పంపడం ఈ రేవు నిర్మాణానికి ముఖ్య కారణాలలో ఒకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఖనిజాన్ని తెచ్చేది, కళాసీలూ కూలీలూ దాన్ని ఓడల్లోకి ఎక్కించేవారు. ఓడ కడుపులోకి దిగి పనిచేసే మనిషికి పైనుంచి సరుకు పడే భయం, నిచ్చెన జారే భయం, గొలుసు తెగే భయం ఎప్పుడూ ఉండేవి.

రేవు కార్మికుల రక్షణ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1932లో ఒక ఒడంబడికను ఆమోదించింది. దాన్ని అనుసరించి 1934లో భారత డాక్ కార్మికుల చట్టం వచ్చింది. విశాఖ రేవు తెరిచిన మరుసటి సంవత్సరమే అన్నమాట. సంతోషించవలసిన విషయమే. కానీ ఆ చట్టాన్ని అమలులో పెట్టినది 1948లో! పద్నాలుగేళ్ళు అది కాగితం మీదే ఉండిపోయింది. ఆ మధ్యకాలంలో ఒక ప్రపంచయుద్ధం వచ్చి వెళ్ళింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా వారి నౌకానిర్మాణ కేంద్రంలో 'జల ఉష' నౌక తయారైంది. రేవు కూలీకి నిచ్చెన ఎంత గట్టిగా ఉండాలో, ఓడ మూతల చుట్టూ కంచె ఎలా ఉండాలో చెప్పే నియమాలు మాత్రం స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

అంతకుముందు చట్టమే లేదా అంటే, ఉంది. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఉంది. దాని ప్రకారం చనిపోయినవాడి భార్యాబిడ్డలు యజమాని మీద దావా వేయవచ్చు. అయితే యజమాని అజాగ్రత్తను వారే ఋజువు చేయాలి. ఇంగ్లండులో 1837లో ఒక కసాయి దుకాణం పనివాడి వ్యాజ్యంతో మొదలైన వాదం ఒకటి అప్పట్లో యజమానులకు కంచుకోటలా ఉండేది. దెబ్బ తోటి పనివాడి తప్పువల్ల తగిలితే యజమానికి బాధ్యత లేదని ఆ వాదం. గొలుసు కట్టినవాడు తోటి కూలీయే, మర నడిపినవాడూ తోటి కూలీయే. ఇక యజమాని తప్పు ఎక్కడ దొరుకుతుంది? పైగా కూలి మీద బతికే కుటుంబం ప్లీడరు ఫీజు ఎక్కడి నుంచి తెస్తుంది? అందుచేత ఆ చట్టం కింద కూలీల కుటుంబాలకు న్యాయం అందని ద్రాక్షే.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ఈ పరిస్థితిని మార్చింది. 1924 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టాన్ని మన దేశపు కార్మిక చరిత్రలో గొప్ప మలుపుగా నేను భావిస్తాను. అది తప్పు ఎవరిదని అడగదు. ఉద్యోగం కారణంగా, ఉద్యోగం చేస్తుండగా దెబ్బ తగిలిందా? తగిలితే పరిహారం ఇవ్వాలి. అంతే. పరిహారం గొప్పదేమీ కాదు. మనిషి చనిపోతే ముప్పై నెలల జీతం, లేదా రూ. 2,500, ఏది తక్కువైతే అది. కానీ దావా వేసి ఋజువు చేయవలసిన భారం తప్పింది. సివిలు కోర్టుకు బదులు కమిషనరు అనే అధికారి ముందు అర్జీ పెట్టుకుంటే చాలు.

ఇంకో రెండు ఏర్పాట్లు ఆ చట్టంలో ఉన్నాయి. వాటిని రాసినవాడెవరో లోకం తెలిసినవాడు. మొదటిది, మరణం సంభవించినప్పుడు పరిహారం డబ్బును కమిషనరు దగ్గర జమ చేయాలి. నేరుగా కుటుంబం చేతిలో పెట్టిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదు (అడ్వాన్సుగా ఇచ్చే కొద్ది మొత్తానికి మినహాయింపు ఉంది). రెండవది, హక్కు వదులుకుంటున్నట్టు కార్మికుడు ఏ కాగితం రాసిచ్చినా అది చెల్లదు. ఈ రెండిటి విలువ నాకు ఒక కుటుంబం వల్ల తెలిసింది.

అది 1998వ సంవత్సరం. గాజువాక ప్రాంతంలో నేను పనిచేస్తున్న బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు వారం రోజులు రాలేదు. కనుక్కుంటే తండ్రి పోయాడని తెలిసింది. ఒక కర్మాగారంలో షెడ్డు పైకప్పు రేకులు మారుస్తూ పడిపోయాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి. కంపెనీ ఉద్యోగి కాడు, కాంట్రాక్టరు దగ్గర మరో చిన్న కాంట్రాక్టరు, వాడి దగ్గర మేస్త్రీ, ఆ మేస్త్రీ దగ్గర పనివాడు. ఆ కంపెనీ పేరూ కాంట్రాక్టరు పేరూ ఇక్కడ అక్కరలేదు. నేను పరామర్శకు వెళ్ళినప్పటికి మేస్త్రీ స్టాంపు కాగితం పట్టుకుని కూర్చున్నాడు. పాతికవేలు ఇస్తారట, ఇక ఏ తగాదా లేదని వేలిముద్ర వేయాలట. ఆ ఇల్లాలు నా వంక చూసి "ఏటి సెయ్యమంటారు మాస్టారూ?" అంది.

నాకు ఏం చెప్పాలో తోచక ఒక్కరోజు ఆగమన్నాను. మా వీధి చివర ఉండే ఒక వృద్ధ ప్లీడరు గుమాస్తాను అడిగాను. ఆయన నవ్వి, "ఆ కాగితం మీద వేలిముద్ర వేసినా వేయకపోయినా ఒకటే పంతులుగారూ, చెల్లదు. కానీ వేస్తే ఆవిడ తనకిక హక్కు లేదనుకుంటుంది. అందుకోసమే ఆ కాగితం" అన్నారు. తర్వాత ఆయనే లెక్క కట్టి చూపించారు. నెలకు రూ. 1,800 కూలి. అందులో సగం రూ. 900. ముప్పై అయిదేళ్ళ వయసుకు చట్టంలోని పట్టికలో ఉన్న గుణకం 197.06. హెచ్చవేస్తే రూ. 1,77,354. పాతికవేలకూ దానికీ తేడా ఆ ఇల్లాలికి నేను వివరించినప్పుడు ఆవిడ ముందు నమ్మలేదు.

అర్జీ నేనే తెలుగులో రాశాను. దాన్ని ఇంగ్లీషులోకి మార్చినది ఆ గుమాస్తాగారు. అవతలివారు మూడు వాదాలు తెచ్చారు. మొదటిది, అతడసలు మా మనిషే కాడు, మస్టరు రోలులో పేరు లేదు అని. అదృష్టవశాత్తు గేటు పాసు ఒకటి అతడి చొక్కా జేబులో దొరికింది. రెండవది, నడుముకు తాడు కట్టుకోమని చెప్పినా కట్టుకోలేదు అని. మనిషి చనిపోయిన సందర్భంలో ఆ వాదం చట్టం ముందు నిలవదు. మాట వినకపోవడం, తాగి ఉండడం వంటి మినహాయింపులు గాయాలకే గాని మరణానికి వర్తించవు. మూడవది, 'ప్రమాదవశాత్తు కాలుజారి పడ్డాడు' అని పోలీసు కాగితంలోనే రాసి ఉందని. గుమాస్తాగారు దానికి బదులే చెప్పనక్కరలేదన్నారు. కాలు జారినా, రేకు విరిగినా ఈ చట్టానికి ఒకటే. చిన్న కాంట్రాక్టరు మధ్యలో పత్తా లేకుండా పోయాడు. అయినా పని ఎవరి ఆవరణలో, ఎవరి వ్యాపారం కోసం జరిగిందో ఆ అసలు యజమానే ముందు చెల్లించాలని, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చునని పన్నెండవ సెక్షను చెబుతుంది. రెండేళ్ళకు పైగా పట్టింది గాని డబ్బు వడ్డీతో సహా వచ్చింది. ఆ పిల్లవాడు ఐటీఐ చదివాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ డబ్బు కుటుంబాన్ని నిలబెట్టింది, నిజమే. కానీ ఆ షెడ్డు పైన నడిచే మనిషికి పలకలు పరిచి దారి చేయలేదెందుకని ఆ రెండేళ్ళలో ఎవ్వరూ అడగలేదు. కమిషనరు ముందు ఆ ప్రశ్నకు తావులేదు. అది కర్మాగారాల చట్టం చూసుకోవలసిన విషయం. ఆ చట్టం కిందేమో ఇన్‌స్పెక్టరు ఫిర్యాదు చేస్తే, లేదా ఆయన లిఖితపూర్వకంగా అనుమతిస్తేనే కోర్టు విచారణకు తీసుకుంటుంది. అది కూడా నేరం తన దృష్టికి వచ్చిన మూడు నెలల లోపల జరగాలి. చనిపోయినవాడి భార్య నేరుగా వెళ్ళి తలుపు తట్టడానికి వీల్లేదు. తప్పు అడగని చట్టమేమో కుటుంబం చేతికి అందింది. తప్పు అడిగే చట్టం అధికారి చేతిలో ఉండిపోయింది. పని భద్రతలో న్యాయసహాయం అనే మాట ఎత్తినప్పుడల్లా నాకు ఈ రెండు తలుపులే గుర్తుకు వస్తాయి.

1948 నాటి కర్మాగారాల చట్టం 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలులో జరిగిన దానివల్ల పెద్ద సవరణకు లోనైంది. ఆ తర్వాత ఏడాదికే, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలో శ్రీరామ్ సంస్థ కర్మాగారం నుంచి ఓలియం వాయువు వెలువడింది. ఆ వ్యాజ్యంలో 1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి భగవతి ధర్మాసనం ఒక కొత్త సూత్రాన్ని ప్రకటించింది. 1868 నాటి ఇంగ్లీషు తీర్పు ప్రకారం అపాయకరమైన వస్తువు తప్పించుకుపోతే దాని యజమానిదే బాధ్యత, కానీ దైవఘటన, పరాయివాడి చేష్ట వంటి మినహాయింపులు ఉన్నాయి. మన సర్వోన్నత న్యాయస్థానం ఆ మినహాయింపులను తుడిచేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపి లాభం తీసుకునేవాడు దానివల్ల కలిగే హానికి ఏ సాకూ లేకుండా బాధ్యుడు. సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువగా ఉండాలని కూడా చెప్పింది. దీన్ని సంపూర్ణ బాధ్యత అంటారు.

1987 సవరణ మరో దారిలో సాగింది. జరిగిపోయినదానికి పరిహారం కాక, జరగకముందు తెలియజేయడం దాని ఉద్దేశం. ప్రమాదకర ప్రక్రియ నడిపే కర్మాగారం ఆ పదార్థాల వల్ల కలిగే అపాయాలను, వాటి నివారణ చర్యలను కార్మికులకు, అధికారులకు, స్థానిక సంస్థకు, చుట్టుపక్కల నివసించే ప్రజలకు కూడా తెలపాలి (41-బి సెక్షను). తక్షణ అపాయం ఉందని నమ్మకమైన కారణం ఉంటే కార్మికులు యజమాని దృష్టికి తెచ్చి, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకు కూడా చెప్పవచ్చు (41-హెచ్). ఇంతకంటె విలువైన హక్కు మన కార్మిక చట్టాలలో నాకు కనబడలేదు. ఇంతకంటె తక్కువగా వాడుకలోకి వచ్చిన హక్కు కూడా కనబడలేదు. అసలు ఆ హక్కు ఉందని తెలిసిన కార్మికుణ్ణి వేళ్ళ మీద లెక్కించవచ్చు.

1995 జనవరిలో ఆస్బెస్టాస్ కార్మికుల వ్యాజ్యంలో తీర్పు వచ్చింది. రాసినవారు మన తెలుగువారైన న్యాయమూర్తి కె. రామస్వామి. ఉద్యోగంలో ఉన్నప్పుడూ విరమించాక కూడా ఆరోగ్యం కార్మికుడి ప్రాథమిక హక్కు, అది జీవించే హక్కులో భాగం అని ఆ తీర్పు చెప్పింది. కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్ళు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. ఊపిరితిత్తుల్లో చేరిన ధూళి పదవీవిరమణ తేదీని చూసుకోదు కదా!

ఇక మన ఊరి సంగతి. 1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారి ఇక్కడి హిందుస్థాన్ పెట్రోలియం చమురుశుద్ధి కర్మాగారంలో వంటగ్యాసు లీకై అంటుకుంది. సుమారు అరవై మంది ప్రాణాలు కోల్పోయారు. నల్లటి పొగ ఊరంతా కమ్మింది. మూటాముల్లే పట్టుకుని జనం ఎటు దారి కనబడితే అటు నడిచారు. ఎటు వెళ్ళాలో, ఎంత దూరం వెళితే చాలునో చెప్పినవారు లేరు. పరిసర ప్రజలకు తెలియజేయాలన్న నియమం చట్టంలో చేరి అప్పటికి పదేళ్ళు.

2012 జూన్ 13 రాత్రి ఉక్కు కర్మాగారంలో కొత్తగా కట్టిన రెండో స్టీల్ మెల్టింగ్ షాపు దగ్గర ఆక్సిజన్ విభాగంలో పేలుడు జరిగి 19 మంది మరణించారు. వారిలో పెద్ద అధికారులూ ఉన్నారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ఊరూరా వినబడిన రోజుల తర్వాత పుట్టిన కర్మాగారం అది. హక్కుగా తెచ్చుకున్న కర్మాగారంలో పనిచేసేవాడి భద్రత కూడా హక్కే అన్న మాట అంత గట్టిగా ఏనాడూ వినబడలేదని నా బాధ. 2013 ఆగస్టు 23న చమురుశుద్ధి కర్మాగారంలోనే కడుతున్న కూలింగ్ టవరు దగ్గర మంటలు లేచి ఇరవై మందికి పైగా పోయారు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగినది అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎల్జీ పాలిమర్స్‌లో లాక్‌డౌన్ వల్ల పని ఆగి ఉన్న కాలంలో స్టైరీన్ ట్యాంకు వేడెక్కింది. అడుగున తప్ప పైపొరల్లో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదు. స్టైరీన్ గట్టిపడకుండా ఆపే రసాయనం తగినంత లేదు. చల్లబరచే యంత్రం రాత్రిపూట ఆపి ఉంది. ఆవిరి ఊరి మీద పడి తొలి రోజుల్లోనే పన్నెండు మంది మరణించారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. సైరను మోగలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. 'స్టైరీన్' అనే మాటను ఆ ఊరివాళ్ళలో చాలామంది మొదటిసారి విన్నది ఆస్పత్రి మంచం మీదనే. అనవధానతకు ఇంతకంటె పూర్తి నిర్వచనం ఏ నిఘంటువు ఇవ్వగలదు?

చనిపోయినవారు ఆ కర్మాగారంలో పనివారు కారు, ఇరుగుపొరుగువారు. కనుక 1923 చట్టం వారికి పనికిరాదు. అక్కడ అక్కరకు వచ్చినది ఢిల్లీ ఓలియం వ్యాజ్యంలో పుట్టిన సూత్రం. జాతీయ హరిత ట్రిబ్యునలు ఎవరూ అడగకుండానే మరునాడే విషయాన్ని చేపట్టి, యాభై కోట్ల రూపాయలు జమ చేయమని ఆదేశించింది. మొదటి ఉత్తర్వులో మినహాయింపులున్న పాత ఇంగ్లీషు బాధ్యతను పేర్కొన్నప్పుడు న్యాయవేత్తలు అభ్యంతరం చెప్పారు. జూన్ నెల ఉత్తర్వులో సంపూర్ణ బాధ్యత అన్న మాట కూడా చేరింది. ఒక విశేషణం మారితే ఎంత మారుతుందో మాటల పని చేసుకునేవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

అదే ఏడాది ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో కొత్త క్రేనును బరువుతో పరీక్షిస్తుండగా అది కూలి పదకొండు మంది మరణించారు. వారిలో నలుగురు షిప్‌యార్డు ఉద్యోగులు, మిగిలిన ఏడుగురు కాంట్రాక్టు సంస్థల మనుషులు. ఒకే క్రేను, ఒకే క్షణం, వేర్వేరు మస్టరు రోళ్ళు. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ఆర్థిక మండలిలోని ఎసెన్షియా ఔషధ కర్మాగారంలో ద్రావకం ఆవిరై అంటుకుని పేలి 17 మంది బలయ్యారు.

వెంకటాపురంలోనూ అచ్యుతాపురంలోనూ మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. మంచిదే, నేను కాదనను. అయితే పక్కన చట్టం లెక్క పెట్టి చూడండి. 2020 నుంచి పరిహారం కోసం లెక్కకు తీసుకునే నెలజీతం రూ. 15,000కు మించకూడదు. ముప్పై ఏళ్ళవాడు పోతే సగం జీతాన్ని 207.98తో హెచ్చవేయాలి. రూ. 15,59,850 వస్తుంది. (ఈఎస్ఐ పరిధిలోని వారికి ఈ లెక్క వర్తించదు. వారి ఆశ్రితులకు పింఛను వస్తుంది.) కోటికీ పదిహేను లక్షలకూ మధ్య ఉన్న తేడా వార్త పెట్టిన తేడా. పదిహేడు మంది ఒకేసారి పోతే మంత్రులు వస్తారు, కెమెరాలు వస్తాయి. ఆటోనగరులో ఒక చిన్న షెడ్డులో ఒక్కడు పోతే మేస్త్రీ వస్తాడు, స్టాంపు కాగితంతో. ప్రకటన చేసే డబ్బు దయ, అడిగి తీసుకునే హక్కు కాదు. ఒంటరిగా పోయినవాడికి చట్టం ఒక్కటే దిక్కు. కనుక న్యాయసహాయం అవసరం అతడి కుటుంబానికే ఎక్కువ.

ఆ సహాయం ఉచితంగా పొందే వీలు ఉన్నదని చాలామందికి తెలియదు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. దాని పన్నెండవ సెక్షనులో ఉచిత న్యాయసహాయానికి అర్హులైనవారి జాబితాలో స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారితో పాటు పారిశ్రామిక కార్మికుడు అన్న మాట విడిగా ఉంది. పారిశ్రామిక విపత్తు బాధితులు అన్న మాట మరో చోట ఉంది. జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతన ప్రతి జిల్లాలోనూ న్యాయసేవాధికార సంస్థ పనిచేస్తుంది. దేశమంతటికీ 15100 అనే టెలిఫోను నంబరు ఉంది. నా 1998 నాటి గుమాస్తాగారు కాలం చేశారు. ఆయన చేసిన పని చేయడానికి ఇప్పుడు ఒక వ్యవస్థ ఉంది. కానీ ఆ గడప దాకా వెళ్ళినవారిని నేను చూసినది తక్కువ.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 13 పాత చట్టాలను తనలో కలుపుకుంది. అందులో కర్మాగారాల చట్టమూ ఉంది, 1934 నాటి డాక్ చట్టానికి వారసుడైన 1986 చట్టమూ ఉంది. పరిహార చట్టం సామాజిక భద్రతా స్మృతిలో చేరిపోయింది. మార్పు జరుగుతున్న కాలంలో పాత నియమాలు కొనసాగుతాయని ప్రభుత్వం చెప్పింది. కొత్త స్మృతిలో మేలూ ఉంది, కీడూ ఉంది. భద్రతాధికారిని నియమించవలసిన పరిమితి వెయ్యి మంది కార్మికుల నుంచి అయిదు వందలకు, ప్రమాదకర ప్రక్రియల్లో రెండు వందల యాభైకి దిగింది. మరణానికి దారితీసిన ఉల్లంఘనకు వేసే జరిమానాలో సగానికి తక్కువ కాకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు వచ్చింది. రెండు తలుపుల మధ్య ఒక చిన్న కిటికీ తెరిచినట్టయింది. అపాయాన్ని ముందే చెప్పే హక్కు ప్రమాదకర పరిశ్రమలను దాటి ఇతర కార్మికులకూ విస్తరించింది. మరోపక్క, మరలు నడిచే చోట పదిమంది ఉంటే కర్మాగారం అనిపించుకునేది ఇప్పుడు ఇరవై మంది ఉంటేనే అనిపించుకుంటుంది. ఆటోనగరు షెడ్లలో ఎన్ని ఈ గీత దిగువన మిగిలిపోతాయో అనిపిస్తుంది. ఇన్‌స్పెక్టరు పేరు ఇన్‌స్పెక్టరు-కమ్-ఫెసిలిటేటరు అయింది. తనిఖీ చేసేవాడే సహాయకుడు కూడానట. సమాసం బాగానే ఉంది, ఏ పదం ప్రధానమో చూడాలి.

చివరగా నా వృత్తికి సంబంధించిన విషయం. చట్టసారాన్ని ప్రధాన ద్వారం దగ్గర ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో అధిక సంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోనూ ప్రదర్శించాలని కర్మాగారాల చట్టం 108వ సెక్షను చెప్పింది. గాజువాక, పరవాడ వైపు గేట్ల దగ్గర అటువంటి బోర్డులు చదవడం నాకొక అలవాటు. తెలుగు బోర్డుల్లో చాలా వాటిని తెలుగువాడు చదివి అర్థం చేసుకోలేడు. ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట మార్చి పెట్టినవి అవి. పైగా ఈనాడు ఆ గేట్ల లోపలికి వెళ్ళేవారిలో ఒడిశా, బీహారు, బెంగాలు, జార్ఖండు నుంచి వచ్చినవారు చాలామంది. వారికి తెలుగు బోర్డు మంచి తెలుగులో ఉన్నా లాభం లేదు. పోయిన సంవత్సరం ఒక గేటు దగ్గర బోర్డు చదువుతుంటే ఒక ఒడియా కుర్రవాడు ఆగి, అందులో ఏముందని వచ్చీరాని తెలుగులో అడిగాడు. అపాయం అనిపిస్తే ముందే చెప్పవచ్చు, పైఅధికారికీ చెప్పవచ్చు, ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకూ చెప్పవచ్చు అని వివరించాను. "చెప్తే రేపు పని ఇస్తారా?" అన్నాడు. ఆ సంగతి బోర్డులో లేదు. అతని షిఫ్టుకు వేళయింది, లోపలికి వెళ్ళిపోయాడు.